మూడు దగ్గర ఆగిన ముల్లు

కొట్టు, కిటికీ పక్క బల్ల
సోమవారం

ఇదిగో,

నువ్వు చెప్పినట్టే ఉత్తరం రాస్తున్నాను. నువ్వు బస్సెక్కి నేటికి ఆరు రోజులు. ఇల్లు బాగానే ఉంది. నేను బాగానే ఉన్నాను. వండుకుంటున్నాను. నిన్న గుడ్లు ఉడికించాను. ఒకటి పగిలింది.

కొట్టు తెరిచాను. ఉల్లిపాయల గోదాము వాళ్ల కాటా బాగుకి వచ్చింది. ముల్లు అరవై కిలోల దగ్గర తడబడుతోందట. దాన్ని లోపల పెట్టడానికి పక్కకొట్టు రేడియో సాయం పట్టాడు. రేడియోలు బాగుచేసే మనిషికి ఆ పేరు పెట్టింది నువ్వే. సరిగ్గానే పెట్టావు. కాటా దించాక కూడా అరగంట మోగాడు.

నడుం సంగతి అడుగుతావని తెలుసు. డాక్టరుగారిచ్చిన పుస్తకంలో నొప్పి ఎంతో రోజూ అంకె వెయ్యమన్నారు కదా. సున్నా అంటే లేనట్టు. పది అంటే ఓర్చుకోలేనట్టు. మూడు వేస్తున్నాను.

మీ మరదలి కంటి ఆపరేషన్ బాగా జరిగిందా?

పేజీ నింపమన్నావు. నిండలేదు. అందుకని అక్షరాలు పెద్దవి చేశాను.

ఇట్లు,
నేను


తమ్ముడి ఇల్లు, వంటగది
శుక్రవారం

ఏమండీ,

ఉత్తరం చేరింది. ఉత్తరమా అది? కొట్టు తలుపుకి అంటించే చీటీ! పెళ్లైన ముప్పై తొమ్మిదేళ్లకి మీరు నాకు రాసిన మొదటి ఉత్తరంలో ముఖ్యవార్త ఏమిటయ్యా అంటే, గుడ్డు పగిలింది.

అయినా ఫోనుకంటే నయం. ఫోన్లో మీరు "బాగున్నాను, ఉంటాను" అని పెట్టేస్తారు. మొన్న తమ్ముడు గడియారం చూశాడు. పదకొండు సెకన్లట. "అక్కా, బావ మాటలు కూడా తూచి వాడతాడే" అని ఒకటే నవ్వు. అందుకే కాగితం పట్టుకోమన్నాను. కాగితం దగ్గర కనీసం పెట్టెయ్యడానికి ఉండదు.

మరదలి ఆపరేషన్ బాగా జరిగింది. వంగకూడదు, బరువెత్తకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు. రోజుకి ఆరుసార్లు కంట్లో చుక్కలు వెయ్యాలి. తమ్ముడి చేతులు బ్రెడ్డు కార్ఖానాలో పిండి పిసకడానికే గానీ చుక్కలు వెయ్యడానికి పనికిరావు. నేను రాకముందు ఒకటి వేశాడట, ముక్కులో పడింది. ఆవిడ తుమ్మితే కుట్లు ఊడతాయేమోనని వీడు ఏడుపు.

మీ క్లాసు ఎందాకా వచ్చింది? "మందులు చెయ్యగలిగింది ఇంతవరకే, ఇక మీరు నేర్చుకోవలసింది ఉంది, మేడమీద గదిలో బుధవారాలు నేర్పుతారు" అని డాక్టరుగారు చెప్తే మీరు తల ఊపి వచ్చేశారు. తల ఊపితే వెళ్లినట్టు కాదు. వెళ్లండి. అక్కడ ఏం చేయించారో రాయండి.

మూడు అన్నారు, సంతోషం. నేను బయల్దేరిన రోజు చెప్పులు వేసుకోడానికి గోడ పట్టుకున్నారు. అదీ మూడేనా? నాకు తూకాలు తెలియవులెండి.

నీళ్లలో చిటికెడు ఉప్పు వెయ్యండి. గుడ్డు పగలదు.

మీ
ఇంటిది


కొట్టు
గురువారం

ఇదిగో,

వెళ్లాను.

క్లినిక్ మేడమీద గది. మెట్లు పదహారు. మధ్యలో ఒకసారి ఆగాను. లోపల కుర్చీలు గుండ్రంగా వేశారు. తలుపు పక్కది చూసుకుని కూర్చున్నాను. ఎనిమిదిమందిమి. ఒకావిడ బస్సు కండక్టరు. భుజం నొప్పి, తొమ్మిదేళ్లుగా. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు. మెడ తిరగదు. ఎవరితో మాట్లాడాలన్నా మనిషి మొత్తం తిరుగుతాడు. నావైపు తిరుగుతాడేమోనని నాకు భయం వేసింది.

నేర్పే అమ్మాయి చిన్నది. అందరూ టీచరమ్మ అంటున్నారు. నన్ను తాతా అంది. అందర్నీ అంకె అడిగింది. ఊరుకుందామనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"అమ్మా, దీనికి పడికట్టు రాయి ఏది?" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. చెప్పాను. ఏ కాటా అయినా సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే, ముద్ర వేసిన రాయి ఒకటి ఉండాలి. కిలో రాయి పెడితే ముల్లు కిలో చూపించాలి. నొప్పికి అలాంటి రాయి ఎక్కడుంది? కండక్టరమ్మ ఐదూ నా ఐదూ ఒకటేనా? హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు. మెడ కదలకుండా.

టీచరమ్మ ఒప్పుకుంది. "ఒకటి కాదు తాతా. మీ రాయి మీరే. నిన్నటి మీతో ఇవాళ్టి మిమ్మల్ని తూచుకోవాలి" అంది.

మాట బాగానే ఉంది. నాకు నచ్చలేదు. రాయి అరిగిపోయి ఉంటే?

తరవాత చాపల మీద పడుకోబెట్టింది. కళ్లు మూసుకుని, కాలి బొటనవేలితో మొదలుపెట్టి, ఒంట్లో ఒక్కొక్క చోటా ఎలా ఉందో చూసుకుంటూ పైకి రమ్మంది. ఏదీ మార్చొద్దు, ఊరికే చూడండి అంది. నేను మోకాలిదాకా బాగానే వచ్చాను. నడుం దాటేశాను. మోకాలి నుంచి నేరుగా భుజానికి వెళ్లాను. కళ్లు మూసుకుని ఉన్నారు గనక ఎవరూ చూడలేదు.

మూడు.

ఉప్పు వేశాను. పగల్లేదు.

నేను


తమ్ముడి ఇల్లు, వంటగది
మంగళవారం

ఏమండీ,

నడుం దాటేశారా! పలకరింపులు లేని చుట్టం ఎదురైతే వీధికి అవతలి పక్కకి దాటినట్టు! అది మీ ఒంట్లోనే ఉందండీ. ఎంతదూరం పోతారు?

మీ ఉత్తరం గట్టిగా చదివాను. మేమూ చేసి చూశాం. తమ్ముడు వంటింటి గచ్చు మీద పడుకున్నాడు. బొటనవేలి దగ్గర మొదలుపెట్టాడు, చీలమండదాకా రాకుండానే గురక. మరదలు నల్లకళ్లద్దాలు పెట్టుకుని పకపకా నవ్వడం, "నవ్వకే, కన్ను, కన్ను" అని నేను అరవడం. ఆ అరుపులకి వాడు లేచి "నాకు అద్భుతంగా పని చేసింది అక్కా" అన్నాడు. రోజంతా పొయ్యిల దగ్గర నిలబడి వచ్చినవాడికి గచ్చేమిటి, గుమ్మం మీదైనా పని చేస్తుంది.

నేనూ పడుకున్నాను. కాళ్లు, మోకాళ్లు, పొట్ట, అన్నీ బాగానే వచ్చాయి. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ముందుకి పోలేకపోయాను. లేచి గిన్నెలు తోమేశాను. మిమ్మల్ని అనడానికేముందిలెండి.

ఆ కుర్చీల్లో మిమ్మల్ని మీరు కూర్చోబెట్టుకున్నారు, అదే నాకు గొప్ప. హెడ్మాస్టరుగారు తిరిగితే తిరగనివ్వండి. ఒకసారి ఆయనతో మాట్లాడండి. మాట్లాడితే అరిగిపోరు, మీరేం రాయి కాదు.

చుక్కలు ఇంకా వెయ్యాలి. రోజుకి నాలుగుసార్లకి తగ్గించారు.

మీ
ఇంటిది


కొట్టు
శనివారం

ఇదిగో,

ఇంకో రెండు క్లాసులు అయ్యాయి. మెట్లు పదహారే. ఆగకుండా ఎక్కి చూపిద్దామనుకున్నాను. టీచరమ్మ కోప్పడింది. "ఒళ్లు అరిచాక ఆగడం కాదు తాతా, అరవకముందే ఆగాలి" అంది. పనిలోనూ అంతేనట. ఇరవై నిమిషాలు చెయ్యి, నొప్పి లేకపోయినా లేచి నడువు, మళ్లీ కూర్చో. అందుకని ఇప్పుడు ఎనిమిదో మెట్టు దగ్గర ఊరికే ఆగుతున్నాను. అక్కడ గోడకి ఓడ బొమ్మ ఒకటి ఉంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆగాక దానికి నాలుగు తెరచాపలని తెలిసింది.

టీచరమ్మ ఒక సంగతి చెప్పింది. గోదాములో తూకపు గుండు ఎత్తబోయి నా నడుం పట్టేసి ఐదేళ్లయింది కదా. ఆ దెబ్బ ఎప్పుడో మానిపోయి ఉంటుందట. కండక్టరమ్మకి కోపం వచ్చింది. "అంటే మాది ఉత్తుత్తి నొప్పంటారా?" అంది. "కాదమ్మా, నొప్పి నిజమే. దెబ్బ తగిలినప్పుడు కాపలాకి లేచిన నరాలు భయంతో ఇంకా పడుకోలేదు. చీమ పాకినా దొంగ వచ్చినట్టు అరుస్తున్నాయి" అంది.

అది నాకు అర్థమైంది. మందుల షాపువాళ్ల చిన్న త్రాసు నీకు గుర్తుందా? పైనుంచి పడింది. పైన అడ్డదండె వంగలేదు. తట్టలు సొట్టపోలేదు. అయినా వీధిలో ఎవరు నడిచినా ముల్లు ఊగేది. అలాంటిదాన్ని సుత్తితో కొడితే బాగుపడదు. అద్దాలపెట్టెలో పెట్టి, గాలి తగలకుండా చూసి, ముల్లు తనంతట తాను నిలబడేదాకా ఎదురుగా కూర్చోవాలి. దానికి నేను తొమ్మిది రోజులు కూర్చున్నాను.

ఊపిరి పని కూడా అదేననుకుంటున్నాను. లోపలికి నాలుగు లెక్కపెట్టాలి, బయటికి ఆరు. నేను ముల్లుని చూస్తున్నాననుకుని చేస్తున్నాను. రెండుసార్లు నిలబడింది. మూడోసారి నిలబడబోతుంటే రేడియో తలుపు తీశాడు.

ఈసారి కండక్టరమ్మ ఏడ్చింది. నొప్పికి కాదు. అబ్బా అనగానే ఇంట్లోవాళ్లు "మళ్లీనా" అంటారట. ఆ మాటకి. పక్కావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. నేను నేల చూశాను. తరవాత వంతు నాది. "నాకేం లేదమ్మా, మూడు" అన్నాను.

నేను


తమ్ముడి ఇల్లు
గురువారం

ఏమండీ,

ఉత్తరం అందింది. త్రాసు సంగతి చదివాను.

మూడేనన్నమాట. మంచిది.

మరదలి కన్ను ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. ఈ వీధి చివర చొక్కాలు కుట్టే షాపులో గుండీలు కుట్టేవాళ్లు కావాలన్నారు. పాత పనే కదా, రోజుకి నాలుగు గంటలు వస్తానన్నాను. మీకు అక్కడ ఏ ఇబ్బందీ లేదు గనక, నేను తొందరపడి రావలసిన అవసరమూ లేదు గనక, ఈ వానలు తగ్గేదాకా ఇక్కడే ఉంటాను.

పుస్తకంలో అంకె వేస్తూ ఉండండి.


కొట్టు
మంగళవారం

ఇదిగో,

ఉండు. నాకేం ఇబ్బంది లేదు. కొట్టు రోజూ తెరుస్తున్నాను. ఉల్లిపాయల కాటా అయిపోయింది. పంపించేశాను.

గుండీలు వెలుతురులో కుట్టు. కళ్లు జాగ్రత్త.

మూడు.

నీ ఉత్తరం కింద సంతకం లేదు. మర్చిపోయినట్టున్నావు.

నేను


ఇల్లు, నేల మీద చాప
శుక్రవారం

ఇదిగో,

ఈ ఉత్తరం పడుకుని రాస్తున్నాను. అక్షరాలు ఏటవాలుగా ఉంటే అందుకే. మూడు వారాలుగా నేను రాయలేదు. నువ్వూ రాయలేదు.

నిన్నగాక మొన్న క్లాసులో టీచరమ్మ అందరి పుస్తకాలూ చూసింది. హెడ్మాస్టరు పుస్తకంలో ఎర్రసిరా గీతలు, తనకి తనే వేసుకున్న మార్కులు. కండక్టరమ్మ అంకెలు పాత టికెట్ల వెనక ఉన్నాయి, సూదితో గుచ్చి కట్ట కట్టింది. నాది తెరిచి పేజీలు తిప్పింది. మూడు. మూడు. మూడు. వాన పడ్డ రోజు మూడు. ఎండ కాసిన రోజు మూడు. మందు వేసుకోవడం మర్చిపోయి ఎదురుగా ఆ సంగతి రాసుకున్న రోజు కూడా మూడు. తిప్పుతూనే ఉంది.

పుస్తకం మూసింది. "తాతా, మీ కొట్టుకి ఒక కాటా వచ్చిందనుకోండి" అంది. "దాని మీద బస్తా పెట్టినా మూడే. పిల్లిని పెట్టినా మూడే. ఏమీ పెట్టకపోయినా మూడే. అప్పుడు మీరేమంటారు?"

"ముల్లు ఇరుక్కుందంటాను. అది కాటా కాదంటాను, గోడకి కొట్టిన మేకంటాను" అన్నాను. చప్పున అనేశాను. పనిలో అడిగితే నాకు ఆలోచన అక్కర్లేదు కదా.

అన్నాక విన్నాను. హెడ్మాస్టరు మనిషి మొత్తం నావైపు తిరిగాడు.

నలభై ఏళ్లు తప్పుతూకాలు పట్టుకున్నాను. రాయి అరిగితే చేత్తో పట్టుకోగానే చెప్పేవాణ్ణి. తట్ట కింద మైనం అంటించినాయన కాటా నేను ముట్టనన్నాను, నీకు తెలుసు. అలాంటివాణ్ణి నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి నేనే మైనం పెట్టాను.

మూడే ఎందుకంటే, రెండంటే నువ్వు నమ్మవు. నాలుగంటే బస్సెక్కుతావు.

ఇప్పుడు నిజం రాస్తాను. నువ్వు వెళ్లిన వారం ఆరు. మొదటిసారి ఆ మెట్లెక్కిన రోజు ఏడు. ఉల్లిపాయల కాటా నేను బాగుచెయ్యలేదు. వంగలేకపోయాను. వేరే కొట్టుకి పంపించేశాను. రోజూ తెరుస్తున్నానని రాసినప్పటికి కొట్టు మూసి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు ఎనిమిది. తొమ్మిదేమో. పది వెయ్యలేదు. పది వేస్తే ఆ పైన పెట్టడానికి రాయి ఉండదని భయం.

క్లాసులో ఇదంతా చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. నేల చూస్తూనే చెప్పాను. కండక్టరమ్మ "మళ్లీనా" అనలేదు. హెడ్మాస్టరు సలహా ఇవ్వలేదు. అది ఆయనకి ఎంత కష్టమో మాకందరికీ తెలుసు. ఊరికే విన్నారు. నొప్పి తగ్గలేదు. భుజాలు దిగాయి. ఇన్నాళ్లూ అవి చెవుల దాకా ఎత్తి పెట్టుకుని ఉన్నానని దిగాక తెలిసింది.

తరవాత పడుకోబెట్టినప్పుడు నడుం దాటలేదు. అక్కడ ఆగాను. మంట ఉంది. మంట చుట్టూ భయం ఉంది. ఇంకాసేపు ఆగాను. అక్కడ నీ చెయ్యి గుర్తొచ్చింది.

అది చెప్పాలి.

నువ్వు వెళ్లడానికి నెల ముందు, ఒక ఆదివారం. నేను ముందుగది కొట్టులో బల్ల దగ్గర రాళ్లు తుడుస్తున్నాను. నువ్వు రోజూలాగే వెనకనుంచి వచ్చి నడుం మీద చెయ్యి వేశావు. నేను "తియ్" అన్నాను. తోశాను కూడా. నువ్వు వంటింట్లోకి వెళ్లిపోయావు. మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజు ఒంటి మీద చొక్కా కూడా మండుతోంది. నువ్వని కాదు. ఏది తగిలినా తోసేవాణ్ణి. మర్నాడు చెబుదామనుకున్నాను. చెబితే, ఇంత ఉందా అని నువ్వు ఏడుస్తావు. చెప్పకపోతే నీ చెయ్యి రాదు. రెండూ తూచాను. తప్పు తూచాను.

ఇవాళ ఏడు.

నేను


తమ్ముడి ఇల్లు, వంటగది
బుధవారం

ఏమండీ,

మూడు కాగితాలు! తమ్ముడు కవరు చేత్తో ఎగరేసి చూసి, "అక్కా, బరువుంది. బావ ఉత్తరంలో రాళ్లు పెట్టి పంపినట్టున్నాడు" అన్నాడు. చదివాను. షాపుకి పట్టుకెళ్లి మళ్లీ చదివాను. చదువుతూ ఒక చొక్కాకి జేబు మూసేసి గుండీ కుట్టేశాను. ఎవరు కొనుక్కుంటారో పాపం.

మీ తప్పుతూకం మీరు చెప్పారు గనక నాదీ చెబుతాను.

మరదలి కన్ను మూడో వారానికే బాగైంది. సూదిలో దారం ఇప్పుడు నాకంటే ముందు ఆవిడే ఎక్కిస్తోంది. వచ్చింది ఆవిడ కన్ను కోసమే, అది నిజం. ఉండిపోయింది మాత్రం అందుకు కాదు.

నేను సంతకం మర్చిపోలేదు. కావాలనే పెట్టలేదు. ఎవరో కండక్టరమ్మ, ముక్కూమొహం తెలియని పదిమందిలో కూర్చుని మనసు విప్పింది. తరవాత వంతు వచ్చిన మా ఆయన "నాకేం లేదమ్మా" అన్నాడు. అది చదివాక ఒళ్లు మండిపోయింది. నాకు చెప్పడు సరే, పోనీ అక్కడైనా చెప్పడా అనుకున్నాను.

కొట్టు మూసి ఉందన్న సంగతి కూడా తెలుసు. రేడియో ఎందుకున్నాడండీ వీధిలో? "వదినా, అన్నయ్య తలుపు తియ్యడంలేదు, కిటికీలోంచి టీ ఇస్తున్నాను" అని ఫోను చేశాడు. సంచి సర్దుకుని బస్టాండుకి వెళ్లాను. దారిలో పోస్టుమాను మీ ఉత్తరం చేతికిచ్చాడు. విప్పితే, "ఉండు. రోజూ తెరుస్తున్నాను. మూడు." బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే ఉన్నాను. సంచి పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

నొప్పి ఉన్న మనిషితో ఉండగలనండీ. ఐదేళ్లు ఉన్నాను. కానీ మీరు దాన్ని లోపల కూర్చోబెట్టుకుని నన్ను గడప బయట నిలబెట్టారు. అది నా వల్ల కాలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. ముప్పై తొమ్మిదేళ్లలో మీరు నా చెయ్యి తోసింది అదొక్కసారే. వంటింట్లోకి వెళ్లి చేతులు చూసుకున్నాను. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్లు గరుకుతేలాయి కదా, గీరుకుంటున్నాయేమో, అందుకే తోశారేమో అనుకున్నాను. నెలరోజులు చేతులకి నూనె రాసుకున్నాను, ఎవరూ చూడకుండా. నవ్వకండి.

ఇక్కడ పడుకున్నప్పుడు నేను ఎందుకు చేతుల దగ్గరే ఆగిపోయానో మీ ఉత్తరం చదివాక తెలిసింది.

మీరు రమ్మంటే తప్ప నేను రాను. మంచినీళ్లు కావాలన్నా "నీళ్లున్నాయా" అంటారు గానీ "ఇవ్వు" అనరు మీరు. నాకు వస్తానని చెప్పడం చాతకాక కాదు. ఈసారి మీరు అడగాలి.

మీ
ఇంటిది
(సంతకం పెట్టాను, చూసుకోండి)


కొట్టు, కిటికీ పక్క బల్ల
సోమవారం

ఇదిగో,

నవ్వలేదు.

ఈ ఉత్తరానికి నాలుగు కాగితాలు చింపాను. ఒకదాంట్లో "బస్సులు బాగానే తిరుగుతున్నాయి" అని రాశాను. ఇంకోదాంట్లో "వానలు తగ్గినట్టున్నాయి" అని రాశాను. అవి అడగడం కాదని తెలుసు. రేడియో ఆ ముక్కలు ఏరి చదివి, "అన్నయ్యా, వాతావరణం నేను చెబుతాను, నువ్వు అసలు సంగతి చెప్పు" అన్నాడు.

ఇవాళ పొద్దున ఐదు. మధ్యాహ్నం ఆరు. నిన్న నాలుగు, కానీ ఆ నాలుగు నిజం నాలుగు. ముల్లు కదులుతోంది. పొద్దునపూట ఇరవై నిమిషాలు పని, లేచి వీధి చివరిదాకా నడక, మళ్లీ ఇరవై. మందుల షాపువాళ్ల త్రాసు మళ్లీ వచ్చింది, అదొక్కటే ఒప్పుకున్నాను. పెద్ద కాటాలు ఇక ఒప్పుకోను. ఆ మాట వాళ్ల మొహం మీదే చెప్పాను. చెప్పగలిగాను.

క్లాసులో నన్ను అడిగారు, నొప్పి ఎప్పటికీ పోకపోతే ఎలా అని. అడిగింది హెడ్మాస్టరే. పాపం ఆయన భయం అది. నాకు తెలిసింది చెప్పాను. నూనె తూచేటప్పుడు ముందు ఖాళీ డబ్బా ఒక తట్టలో పెట్టి, దానికి సరిపడా రాళ్లు రెండో తట్టలో వేస్తాం. ధడా కట్టడం అంటాం. దాంతో డబ్బా బరువు పోదు. అది అక్కడే ఉంటుంది. కానీ ఆ తరవాత పోసిన నూనె ఎంతో తెలుస్తుంది. ధడా కట్టకపోతే మొత్తం డబ్బా బరువే అనిపిస్తుంది. నాకు ఇన్నాళ్లూ రోజంతా డబ్బాయే అనిపించింది. ఊపిరి ఒక రాయి, నడక ఒక రాయి, ఆ గదిలోవాళ్లు వినడం ఒక రాయి. అన్నీ వేశాను. ముల్లు ఇంకా కొంచెం అటే ఉంది.

ఒక రాయి తక్కువైంది.

నువ్వు రా. నాకు నువ్వు కావాలి.

చెయ్యి ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు వద్దో, చెబుతాను. నోటితో రాకపోతే కాగితం మీద రాస్తాను. అది అలవాటైంది.

చేతులకి నూనె రాయకు. కళ్లు మూసుకుని ఉన్నా అవి నీవని తెలిసేది ఆ గరుకువల్లే.

నేను


తమ్ముడి ఇల్లు
గురువారం

ఏమండీ,

శనివారం. పదకొండింటి బస్సు.

స్టాండుకి రావాలనిపిస్తే దారిలో రెండుసార్లు ఆగి రండి.

ఇంటిది


కొట్టు నుంచి వంటింటికి
మంగళవారం, టీ గ్లాసు కింద చీటీ

ఇదిగో,

ఏడు. ఎడమపక్క, కాస్త కింద. నొక్కొద్దు. ఊరికే పెట్టు.


వంటింటి నుంచి కొట్టుకి
అదే చీటీ వెనక

వస్తున్నా. పిండి చేతులు, కడుక్కుని.